రెండు ఆదివారాల మధ్య: హనుమకొండ, గోదావరిఖని, కరీంనగర్, ఒక క్రికెట్ గొడవ

2025 సెప్టెంబరు 21, ఆదివారం – హనుమకొండ

ఎంగిలిపూల బతుకమ్మ, ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ ఈసారి ఒకే సాయంత్రం పడ్డాయి. వేయిస్తంభాల గుడి దగ్గర కాలు పెట్టే సందు లేదు. తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలు పెట్టుకుని ఆడవాళ్ళు చుట్టూ తిరిగి ఆడుతుంటే, తీసుకొచ్చిన మగవాళ్ళు బయట బండ్లకు ఆనుకుని టాస్ కోసం ఫోన్లు తెరిచారు.

ఈ నెల 14న దుబాయిలో ఆసియా కప్ మ్యాచ్‌లో మన కెప్టెన్ సూర్యకుమార్ టీమ్ పాకిస్తాన్‌ను ఏడు వికెట్లతో ఓడించి, చేతులు కలపకుండా వెళ్ళిపోయినప్పటి నుంచి ఎవరిని కదిలించినా ఇదే మాట. పహల్గాంలో ఏప్రిల్ 22న 26 మందిని చంపారు, మే 7న ఆపరేషన్ సిందూర్ జరిగింది, మరి సెప్టెంబరులో వాళ్ళతో ఆట ఏంటి? ఆడితే ఆడారు, చేయి కలపకపోవడమేంటి? టీవీల్లో అరుపులు విని విని విసుగొచ్చింది నాకు. ధర్నా, బంద్, రాస్తారోకో అంటే ఏంటో ఒంటికి తెలిసిన మనుషులు మా వైపు ఊరికి పది మంది ఉంటారు, వాళ్ళు దీని గురించి ఏమనుకుంటున్నారో వినాలని దసరా సెలవులు ఇవ్వగానే బస్సుల మీద ఒక చుట్టు వేద్దామనుకున్నాను.

మొదటి మజిలీ నక్కలగుట్టలో ఒక చాయ్ హోటల్. ఉస్మానియా బిస్కెట్ల సీసాకు ఫోన్ ఆనించి పెట్టాడు హోటలాయన, ముందు ఏడెనిమిది మందిమి. పాకిస్తాన్ బ్యాట్స్‌మన్ ఫర్హాన్ యాభై కొట్టి బ్యాట్‌ను తుపాకీలా పట్టుకుని చూపించగానే నా పక్కన కుర్రాడు చాయ్ కప్పు నలిపేశాడు. "వాడు తుపాకీ చూపిస్తుంటే మనం బాల్ వేసుకుంట ఉండాల్నా?" అన్నాడు. వెనక బెంచీ మీద ఉన్న పెద్దమనిషి నెమ్మదిగా, "అందుకే ఆడొద్దని మొత్తుకున్నం. ఆడుడు ఎందుకు, చేయి కలపకపోవుడు ఎందుకు? ఏదో ఒకటి చేయాలె" అన్నాడు. "ఆడకుంటే పాయింట్లు వాళ్ళకు పోతయి కాక" అని ఇంకొకడు. "పోనీ. 26 మంది పోయిండ్రు, రెండు పాయింట్లు పోతే ఏమైతది?"

దీనికి ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. ప్రభుత్వం ఆగస్టులోనే చెప్పింది, పాకిస్తాన్‌తో విడిగా సిరీస్‌లు ఆడం, చాలా దేశాలు ఆడే టోర్నీల్లో మాత్రం ఆడతాం అని. 14వ తారీఖు మ్యాచ్ ఆపమని సుప్రీంకోర్టుకు వెళ్ళినా అర్జంటుగా వినడానికి కోర్టు ఒప్పుకోలేదు. అంటే నిర్ణయం ఢిల్లీలో అయింది, దాని బరువు మాత్రం గ్రౌండులో పదకొండు మంది మీద పడింది.

అభిషేక్ శర్మ 39 బాల్స్‌లో 74 కొట్టాడు, మ్యాచ్ ఆరు వికెట్లతో మనదే. పెద్దమనిషి చివరి దాకా కూర్చున్నాడు. ఆడొద్దన్న మనిషి చూడకుండా ఎలా ఉంటాడని వెటకారంగా అడిగిన కుర్రాడితో, "ఆడుతున్నది మన పోరగాళ్ళు గదరా, వాళ్ళను యాడ విడిచిపెడ్తం?" అన్నాడు. ఆ మాటలో నాకేమీ తప్పు కనపడలేదు.

సెప్టెంబరు 22, సోమవారం – అదాలత్ సెంటర్

పొద్దున అమరవీరుల స్తూపం దగ్గర ఒక మిత్రుడిని కలిశాను. ఒకప్పుడు కాకతీయ యూనివర్సిటీ హాస్టల్లో తెలంగాణ ఉద్యమం చేసినవాడు, ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. క్రికెట్ గురించి అడుగుతుంటే వాడు 2011లోకి వెళ్ళిపోయాడు.

ఆ మార్చిలో వరల్డ్ కప్ నడుస్తోంది. 9న ఢిల్లీలో నెదర్లాండ్స్‌తో, 12న నాగపూర్‌లో సౌతాఫ్రికాతో మనకు మ్యాచ్‌లు. మధ్యలో 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్. రైళ్ళు ఆపేశారు, దారి పొడవునా చెక్‌పోస్టులు. వీళ్ళు నలుగురు రెండు బండ్ల మీద బయల్దేరారట, పోలీసులు ఆపితే ఉప్పల్‌లో మ్యాచ్ చూడటానికి పోతున్నామని చెప్పాలని ముందే అనుకున్నారు. జనగామ దాటాక ఆపారు. చెప్పారు. కానిస్టేబుల్ క్రికెట్ పిచ్చోడు. "ఉప్పల్ల మ్యాచ్ యాడిది తమ్మీ? ఈ వరల్డ్ కప్‌ల హైదరాబాద్‌కు ఒక్క మ్యాచ్ గూడ ఇయ్యలే" అన్నాడట. నిజమే, ఇవ్వలేదు. తీసుకెళ్ళి స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

ఆ మధ్యాహ్నం స్టేషన్ టీవీలో శ్రీలంక జింబాబ్వే మ్యాచ్. దిల్షాన్, తరంగ మొదటి వికెట్‌కు 282 పరుగులు కొడుతుంటే పోలీసులు, పట్టుబడ్డ పిల్లలు కలిసి చూశారు, మధ్యమధ్యలో ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పడగొట్టిన వార్త చానల్ మార్చి చూశారు. "పొద్దుటి సంది మమ్మల్ని తిట్టిన ఎస్సై సాయంత్రానికి, మాది గూడ ఇక్కడే కదరా తమ్మీ అన్నడు" అని చెప్పాడు నా మిత్రుడు. రాత్రి వదిలేశారు. కేసు మాత్రం చాలా రోజులు నడిచింది, పాస్‌పోర్టుకు అప్లై చేసినప్పుడు మళ్ళీ బయటికొచ్చింది.

జింబాబ్వే అనగానే ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది హెన్రీ ఒలొంగా. 2003 ఫిబ్రవరి 10, హరారే, నమీబియాతో వరల్డ్ కప్ మ్యాచ్. ఒలొంగా, ఆండీ ఫ్లవర్ ఇద్దరూ చేతికి నల్లబ్యాండ్ కట్టుకుని దిగారు, మా దేశంలో ప్రజాస్వామ్యం చనిపోయింది, దానికి సంతాపం అని మ్యాచ్‌కు ముందే ప్రకటన ఇచ్చారు. ఫ్లవర్ వాళ్ళ టీమ్‌లో అందరికంటే గొప్ప బ్యాట్స్‌మన్. ఒలొంగా జింబాబ్వేకు ఆడిన మొదటి నల్లజాతి క్రికెటర్, అప్పటికి ఇరవైల్లో ఉన్నాడు. ఆ వరల్డ్ కప్‌తో ఇద్దరి అంతర్జాతీయ ఆటా ముగిసింది. ఒలొంగాకు బెదిరింపులు వచ్చాయి, దేశం వదిలిపోవాల్సి వచ్చింది.

నేను ఈ వారమంతా మోసుకు తిరిగిన ప్రశ్న అక్కడ తేటపడింది. నిరసన చేసేవాడు తన సొంతంది ఏం పణంగా పెడుతున్నాడు? ఒలొంగా తన ఊరినే పెట్టాడు. నా మిత్రుడు పాస్‌పోర్టు పెట్టాడు. దుబాయిలో చేయి కలపని వాళ్ళు ఏం పెట్టారు? మ్యాచ్ జరిగింది, ప్రకటనల డబ్బు వచ్చింది, టికెట్లు అమ్ముడుపోయాయి. ఆటగాళ్ళను తప్పుబట్టడానికి అనట్లేదు ఇది, వాళ్ళ కోపం నిజమైనదే, నాకూ ఉంది. ఆడించినవాళ్ళు ఏమీ పోగొట్టుకోలేదని నా బాధ.

సెప్టెంబరు 23, మంగళవారం – పరకాల మీదుగా భూపాలపల్లి

పరకాలలో దిగి అమరధామం చూశాను. 1947 సెప్టెంబరు 2న ఇక్కడ జాతీయ జెండా ఎగరేయబోయిన జనాన్ని కాల్చి చంపారు. దేశమంతటికీ స్వాతంత్ర్యం వచ్చి రెండు వారాలు దాటింది అప్పటికి, మనకు ఇంకా రాలేదు. జెండా కోసం ప్రాణాలు పోయిన ఊళ్ళో నిలబడి, ఈమధ్య మ్యాచ్ రోజు చెంపలకు వేసుకునే రంగుల గురించి ఆలోచిస్తే మనసు బరువెక్కింది.

దారిలో ఒక ఊళ్ళో సొసైటీ ముందు బస్సు చాలాసేపు ఆగిపోయింది. యూరియా లైను. ఈ సీజన్ అంతా ఇదే కథ, వరి పొట్టకొచ్చే టైంకు యూరియా లేదు. దిగి చూశాను. లైన్లో మనుషుల కంటే చెప్పులు ఎక్కువ ఉన్నాయి. ఒక్కో జత మీద పట్టాదారు పాస్‌బుక్కు జిరాక్సు, గాలికి పోకుండా దాని మీద చిన్న రాయి. ఒక జతలో కుడికాలి చెప్పుకు బొటనవేలి పట్టీ తెగితే సన్నతీగతో కట్టి ఉంది. ఆ చెప్పుల యజమాని చెట్టు కింద మనవడి ఫోన్‌లో ఆదివారం మ్యాచ్ హైలైట్స్ చూస్తున్నాడు.

45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. మనిషికి ఒక్కటే ఇస్తామన్నారట. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చాడు. నేను క్రికెట్ మాట ఎత్తితే, "చేయి కలపలేదని టీవోళ్ళు వారం నుంచి జెప్తున్నరు బిడ్డా. మేం నెల నుంచి లైన్ల ఉన్నం, మా దిక్కు కెమెరా రాలే" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. కాసేపటికి స్టాకు అయిపోయిందని లోపలి నుంచి కబురొచ్చింది. లైన్లో ఉన్నవాళ్ళంతా వెళ్ళి రోడ్డు మీద కూర్చున్నారు. మా బస్సు డ్రైవర్ ఇంజన్ ఆపేసి, తనూ దిగి వాళ్ళ పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు. "మాది గూడ రెండెకరాలు ఉంది సార్" అన్నాడు నాతో.

భూపాలపల్లి చేరేసరికి చీకటి పడింది.

సెప్టెంబరు 24, బుధవారం – గోదావరిఖని

కాటారం, మంథని మీదుగా ఖని. చౌరస్తాలో దిగేసరికి ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్ళు హోటళ్ళలో నిండి ఉన్నారు. సోమవారమే సింగరేణి లాభాల వాటా 34 శాతం అని ప్రకటించారు కాబట్టి ప్రతి టేబుల్ మీదా అదే లెక్క. అసలు లాభం మీద ఇవ్వాలి గానీ విస్తరణకు పక్కన పెట్టగా మిగిలినదాని మీద ఇస్తే ఎట్లా అని ఒక పెద్దాయన గట్టిగా వాదిస్తున్నాడు. ఆయన పక్కన కాంట్రాక్టు కార్మికుడు, పాతికేళ్ళు ఉంటాయేమో, తన వాటా 5,500 అని చెప్పి ఊరుకున్నాడు.

పెద్దాయనతో సాయంత్రం దాకా కూర్చున్నాను. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బొగ్గుబాయి దిగని మనిషి. 2011 సెప్టెంబరు 13న మొదలైంది, మొత్తం సమ్మె 42 రోజులు. బొగ్గు ఆగింది, కరెంటు కోతలు మొదలయ్యాయి, ఆర్టీసీ ఆగింది, బళ్ళు మూతపడ్డాయి. జీతం లేదు. దసరా ఉత్తదే పోయింది. "అక్టోబర్ 14న ఉప్పల్ల ఇండియా ఇంగ్లండ్ మ్యాచ్. తెల్లారి నుంచి రైల్ రోకో. ధోని 87 కొట్టిండట, మనం గెలిచినమట. మా ఇండ్లల్ల కరెంటు లేదు, చూసింది లేదు. కరెంటు ఎందుకు లేదు? మేమే బొగ్గు తీస్తలేం!" అని చెప్పి చాలా సంతోషంగా నవ్వాడు. అంతకుముందు ఏడాది ఉద్యమం వల్ల డెక్కన్ చార్జర్స్ ఐపీఎల్ మ్యాచ్‌లు హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు, కటక్‌కు పోయిన సంగతి కూడా ఆయనకు గుర్తుంది.

"మ్యాచ్ ఆపాలని అనిపించలేదా?" అని అడిగాను.

"మ్యాచ్ ఆపితే పేపర్ల పడతది. బొగ్గు ఆపితే సర్కారు దిగుతది. మా చేతుల ఏముందో అది ఆపినం" అన్నాడు.

కాంట్రాక్టు కుర్రాడు అప్పుడు మొదటిసారి మాట కలిపాడు. "మా చేతుల ఏముంది కాక? ఒక్కరోజు రాకపోతే తెల్లారి ఇంకోణ్ణి పెట్టుకుంటరు." పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు. ఆ రోజుల్లో కాంట్రాక్టు వాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారనీ, గెలిచాక వాళ్ళ సంగతి తాము సరిగ్గా పట్టించుకోలేదనీ ఒప్పుకున్నాడు. యూనియన్ జెండా మోసిన మనిషి నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

రాత్రి బంగ్లాదేశ్‌తో మ్యాచ్. 168 కొట్టి 41 పరుగులతో గెలిచాం. హోటల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

సెప్టెంబరు 25, గురువారం – కరీంనగర్

పెద్దపల్లి, సుల్తానాబాద్ దాటి మధ్యాహ్నానికి కరీంనగర్. తెలిసినాయన బండి అడిగి తీసుకుంటే కాసేపటికే చైన్ తెగింది, కమాన్ దగ్గర ఒక మెకానిక్ షెడ్డులో ఇచ్చాను. మెకానిక్ భాయ్‌కి నలభై దాటి ఉంటాయి. చైన్ లింకు తీసి కిరోసిన్‌లో ముంచి బ్రష్‌తో రుద్దుతున్నాడు. ఇంతలో స్కూటీ తీసుకోవడానికి వచ్చిన ఒక కస్టమర్, "ఏం భాయ్, ఫైనల్ పాకిస్తాన్‌తోనే పడేటట్టుంది, ఎవలు గెలవాలె మరి?" అన్నాడు నవ్వుతూ. ఆయన తల ఎత్తలేదు. "మా సిరాజ్ టీమ్‌ల లేడు గదా సార్, నాకు గదే బాధ" అన్నాడు. కస్టమర్ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

తర్వాత చాలాసేపు ఆయన బ్రష్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి ఆయనే అన్నాడు: "మంచోడే సార్. పదేండ్ల నుంచి నా దగ్గరికే వస్తడు. కానీ ఇంగ్లండ్‌తో మ్యాచ్ ఉంటే ఎవలు గెలవాలని నన్ను అడగడు."

ఆగస్టు 4న ఓవల్‌లో సిరాజ్ చివరి వికెట్ తీసి ఆరు పరుగులతో టెస్టు గెలిపించిన రోజు ఈ షెడ్డులో మిఠాయి పంచాడట. హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్. 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో ఓడాక షమీని ఆన్‌లైన్‌లో ఎంత తిట్టారో, కోహ్లీ ఎట్లా ముందుకొచ్చి షమీ పక్కన నిలబడ్డాడో ఈయనకు పూసగుచ్చినట్టు తెలుసు. పెద్ద కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, పాకిస్తాన్ మ్యాచ్ ఉంటే ఆ సాయంత్రం వాడిని బయటికి పోనివ్వడట. ఆడుకోవడానికి పోయి ఎవడో ఏదో అంటే వీడు ఎదురు మాట్లాడితే ఎట్లా అని టెన్షన్.

నిరసన అంటే ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు అని అడుగుతూ వచ్చాను కదా. ఈ షెడ్డులో దొరికిన జవాబు నేను వెతుక్కుంటూ వచ్చింది కాదు. టీవీలో ఎవరో ఎవరికో చేయి ఇవ్వకపోతే, కరీంనగర్‌లో ఒక ఇంటర్ పిల్లాడు సాయంత్రం ఆటకు పోలేడు. ఇది నాకు చాలా కష్టంగా అనిపించింది, ఇప్పటికీ అలాగే ఉంది.

1999 గుర్తొచ్చింది. ఆ జనవరిలో పాకిస్తాన్ టీమ్ వచ్చి ఆడొద్దని ఢిల్లీ కోట్లా పిచ్‌ను శివసేన వాళ్ళు తవ్వేశారు. అదే నెల 31న చెన్నైలో సచిన్ 136 కొట్టినా మనం 12 పరుగులతో ఓడితే, చెపాక్ జనం లేచి నిలబడి పాకిస్తాన్ టీమ్‌కు చప్పట్లు కొట్టారు. తవ్విన పిచ్ బాగుచేశాక అదే కోట్లాలో కుంబ్లే పది వికెట్లు తీశాడు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళు దేశాన్ని ఏం తక్కువ ప్రేమించారు?

రాత్రి పాకిస్తాన్ 11 పరుగులతో బంగ్లాదేశ్‌ను ఓడించింది. ఫైనల్ ఖాయం.

సెప్టెంబరు 26, శుక్రవారం – తిరుగు దారి

వాన. మానేరు బ్రిడ్జి దాటగానే అల్గునూరు చౌరస్తా, 2009 నవంబరు 29న సిద్దిపేట దీక్షకు పోతున్న కేసీఆర్‌ను అరెస్టు చేసింది ఇక్కడే. హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి, బస్సులో అద్దాలన్నీ మూసి అందరూ నిద్ర. ఇవాళ అలిగిన బతుకమ్మ, ఏ వాడలోనూ ఆట లేదు. పాకిస్తాన్ బౌలర్ రవూఫ్‌కు, సూర్యకుమార్‌కు ఇద్దరికీ మ్యాచ్ ఫీజులో 30 శాతం కోత అని ఫోన్‌లో చదివాను. శనివారమంతా ఇంట్లోనే, టీవీలో హైదరాబాద్ మూసీ వరద, ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళు.

సెప్టెంబరు 28, ఆదివారం – కాజీపేట

రైల్వే కాలనీలో ఒకళ్ళ వాకిట్లో ప్రొజెక్టర్ పెట్టారు. వెన్నముద్దల బతుకమ్మ ఆడి వచ్చిన ఆడవాళ్ళు, డ్యూటీ దిగిన గార్డులు, పిల్లలు, అందరూ చాపల మీద. 147 కొట్టాలి, 20కే మూడు వికెట్లు పోయాయి. అప్పుడు మన హైదరాబాద్ పిల్లాడు తిలక్ వర్మ నిలబడ్డాడు. 69 నాటౌట్. చివరి ఓవర్లో రవూఫ్‌ను సిక్స్ కొడితే వాకిలి లేచిపోయింది, రింకూ ఫోర్‌తో పని అయిపోయింది.

తర్వాత గంట దాటినా ప్రజెంటేషన్ లేదు. కప్పు ఇవ్వాల్సిన ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడు మొహ్సిన్ నఖ్వీ పాకిస్తాన్ హోంమంత్రి కూడా కాబట్టి ఆయన చేతి నుంచి తీసుకునేది లేదని మనవాళ్ళు. చివరికి ఖాళీ చేతులతో కప్పు ఎత్తినట్టు ఎత్తారు. వాకిట్లో సగం మంది చప్పట్లు, సగం మంది ఊరుకున్నారు. సూర్యకుమార్ తన మ్యాచ్ ఫీజులు సైన్యానికి ఇస్తానన్నాడని తెలిసినప్పుడు మాత్రం నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. అది ఆయన జేబులోది.

రిటైరైన లోకో పైలట్ ఒకాయన, "కప్పు తీసుకోకపోవుడు మంచిగనే చేసిండ్రు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఆ కప్పు తిలక్‌ది, గెలిచినవాడి చేతికి రావాల్సింది అన్నాను. ఇద్దరం కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. ఆయన భార్య మధ్యలో మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది, వాదన ఆగలేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ప్రొజెక్టర్ వైరు చుడుతూ అడిగింది: "తాతా, ఆడవాళ్ళ వరల్డ్ కప్ ఎల్లుండే మొదలు. 5 తారీఖు కొలంబోల మనకు పాకిస్తాన్‌తోనే మ్యాచ్. అప్పుడు గూడ ప్రొజెక్టర్ పెడ్తరా?"

పెడతామన్నాడాయన. మళ్ళీ ఆదివారమే వస్తోంది. ఈసారి ఎవరు చేయి కలుపుతారో కలపరో ముందే పందేలు మొదలుపెట్టిన మగపిల్లల మీద ఆ అమ్మాయి విసుక్కుంది, టీమ్‌లో ఎవరెవరున్నారో ముందు చెప్పండి అని. స్మృతి మంధాన దాకా చెప్పి ఆగిపోయారు. మిగతా పేర్లు ఆ అమ్మాయే వరసగా చెప్పుకుంటూ పోయింది.